పిరమిడ్ ఆకృతి - క్షేత్రగణితం, జీవావరణం: పలివెల పరిసరాల దృష్టాంతాలు

వ్యాససంగ్రహం:
‘పిరమిడ్’ అనే మాట క్షేత్రగణితంలో ఒక ఘనరూపానికి పేరు. జీవావరణశాస్త్రంలో పరిమాణాలను తెలిపే చిత్రానికి పేరు. పేరు, రూపం ఒకటైనా సూత్రం ఒకటి కాదని కోనసీమ వరిచేలు, కొబ్బరితోటల ఆధారంగా నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

1. ఉపోద్ఘాతం:
కొత్తపేట మండలంలోని పలివెల ఉమాకొప్పేశ్వరస్వామి ఆలయం వలన ప్రసిద్ధి పొందిన గ్రామం. గోదావరి డెల్టాలోని ఇతర గ్రామాల వలెనే ఇక్కడా వరి, కొబ్బరి ప్రధానమైన పంటలు. నూర్పిళ్ళ తరువాత కళ్ళంలో పోసిన ధాన్యపురాశి అడుగున విశాలంగా ఉండి పైకి పోయేకొద్దీ సన్నబడుతుంది. ఆ ధాన్యం పండిన చేలోని ఆహారపు గొలుసును కూడా పాఠ్యపుస్తకాలు ఇదే ఆకృతిలో చిత్రిస్తాయి. ఈ రెండు రూపాలను శాసించే నియమాలు ఒకటేనా అన్నది పరిశీలించవలసిన అంశం.

2. క్షేత్రగణితంలో పిరమిడ్:
అడుగు బహుభుజిగా ఉండి, పక్కతలాలైన త్రిభుజాలు ఒకే శీర్షంలో కలిసే ఘనరూపం పిరమిడ్. అడుగు వృత్తమైతే అది శంకువు. రెండింటి ఘనపరిమాణమూ అడుగు వైశాల్యం, ఎత్తుల లబ్ధంలో మూడోవంతు.

ఈ మూడోవంతు సులభంగా లభించినది కాదు. ఆర్యభటుడు క్రీ.శ. 499 నాటి ‘ఆర్యభటీయం’లో త్రిభుజాకార పిరమిడ్‌కు ఆ లబ్ధంలో సగాన్ని చెప్పినట్లు ఆ శ్లోకానికి సాధారణంగా చెప్పే అర్థం. త్రిభుజ వైశాల్యానికి సరిపోయే ‘సగం’ ఘనరూపానికి చెల్లదు. బ్రహ్మగుప్తుడు 628లో సూచీరూప ఘనానికి మూడోవంతును నిర్దేశించాడు.

భాస్కరాచార్యుడు ‘లీలావతి’ (1150)లో ధాన్యపురాశిని కొలిచే పద్ధతిని చెప్పాడు. శూకధాన్యపు రాశి ఎత్తు దాని చుట్టుకొలతలో తొమ్మిదోవంతు; చుట్టుకొలతలో ఆరోవంతును వర్గం చేసి ఎత్తుతో గుణిస్తే ఘనపరిమాణం వస్తుంది. చుట్టుకొలత 36 మూరలైతే ఎత్తు 4 మూరలు, పరిమాణం 144 ఘనమూరలు. π విలువను 3గా తీసుకుంటే శంకువు సూత్రం ఇదే అవుతుంది.

3. జీవావరణంలో పిరమిడ్:
చార్లెస్ ఎల్టన్ 1927లో సంఖ్యా పిరమిడ్ భావనను ప్రతిపాదించాడు. రేమండ్ లిండెమాన్ 1942లో ఆహార స్థాయుల మధ్య శక్తి ప్రసారాన్ని వివరించాడు. ఒక స్థాయిలోని శక్తిలో స్థూలంగా పది శాతం మాత్రమే పై స్థాయికి చేరుతుంది. మిగిలినది శ్వాసక్రియలో వేడిగా పోతుంది, లేదా తినబడకుండా, జీర్ణం కాకుండా మిగిలిపోతుంది. వరిలో 1000 పాళ్ళ శక్తి ఉంటే మిడతలకు 100, కప్పలకు 10, పాములకు 1 పాలు దక్కుతుంది.

4. చిత్రానికీ వాస్తవానికీ భేదం:
ఒక పిరమిడ్‌ను సమాన ఎత్తుగల నాలుగు పొరలుగా కోస్తే, పై నుండి వాటి ఘనపరిమాణాలు 1, 7, 19, 37 నిష్పత్తిలో ఉంటాయి. శిఖరభాగం మొత్తంలో 64వ వంతు. కాగితంపై గీసిన త్రిభుజంలోనైతే పొరల వైశాల్యాలు 1, 3, 5, 7. శిఖరం 16వ వంతు. పై ఉదాహరణలో పాముల వాటా 1111వ వంతు మాత్రమే. చిత్రం చూపేదానికన్నా శిఖరం ఎంతో పలుచనిది. త్రిభుజం నుండి ఘనానికి ‘సగాన్ని’ తరలించినప్పుడు కలిగిన పొరపాటు వంటిదే, చిత్రంలోని ఆకృతిని చేలోని వాస్తవంగా భావించినప్పుడు కూడా కలుగుతుంది.

5. తలకిందుల పిరమిడ్లు:
ఘనరూపమైన పిరమిడ్‌ను తిప్పి నిలిపినా దాని ఘనపరిమాణం మారదు. జీవావరణంలో తలకిందులు కావడానికి వేరే అర్థముంది. ఒక్క కొబ్బరిచెట్టుపై వేల సంఖ్యలో సర్పిలాకార తెల్లదోమలు చేరినప్పుడు సంఖ్యా పిరమిడ్ తలకిందులవుతుంది. సముద్రజలాలలో వృక్షప్లవకాలు త్వరగా పెరిగి త్వరగా తినబడుతుంటాయి; అందువల్ల ఒక సమయంలో కొలిస్తే వాటి జీవద్రవ్యరాశి జంతుప్లవకాల కన్నా తక్కువగా ఉండవచ్చు. శక్తి పిరమిడ్ మాత్రం ఎన్నడూ తలకిందులు కాదు.

6. ముగింపు:
ఈ వివేచనకు వ్యావహారిక ప్రయోజనం ఉంది. విచక్షణ లేకుండా పురుగుమందులు చల్లితే పురుగులతో పాటు వాటిని తినే మిత్రజీవులూ నశిస్తాయి. పై స్థాయుల జీవులు కొద్దిగా ఉండి, నెమ్మదిగా వృద్ధి చెందేవి కనుక తిరిగి కోలుకోవడం ఆలస్యమవుతుంది. పాములు తగ్గిన చేలో ఎలుకలు పెరగడం ఇందుకు నిదర్శనం. కోనసీమలోనే ఉన్న అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం కొబ్బరి పురుగుల అదుపునకు మిత్రజీవులను వినియోగించే పద్ధతులపై కృషి చేయడం ఈ దృష్టికి అనుగుణమైనదే. ధాన్యపురాశిలో శిఖరం నుండి దోసెడు గింజలు తీసినా రాశి నిలుస్తుంది. జీవావరణంలో శిఖరం లోపిస్తే అడుగు వరకూ మార్పు కలుగుతుంది. బోధనలో పిరమిడ్ బొమ్మతో పాటు నిష్పత్తులను కూడా చూపితేనే విద్యార్థికి ఈ భేదం స్పష్టమవుతుంది.