రెండు తెరల పాత పీసీ

ఐబీఎం 1981 ఆగస్టు 12న ప్రకటించిన పర్సనల్ కంప్యూటర్ 5150లో తెరకు బొమ్మ పంపే పని మదర్‌బోర్డుది కాదు. ఆ పనికి విడిగా ఒక కార్డు కొని స్లాట్‌లో బిగించాలి. ఐబీఎం అలాంటివి రెండు రకాలు అమ్మింది. ఎండీఏ కార్డు అక్షరాలు మాత్రమే చూపిస్తుంది. వరుసకు 80 చొప్పున 25 వరుసలు. సీజీఏ కార్డు రంగులు, బొమ్మలు చూపిస్తుంది. ఎండీఏలో ఒక్కో అక్షరానికి 9 చుక్కల వెడల్పు, 14 చుక్కల ఎత్తు ఉన్న గడి దొరుకుతుంది కాబట్టి రోజంతా చదివినా కళ్లు లాగవు. సీజీఏలో అదే అక్షరం 8 చుక్కల చదరపు గడిలో ఇరుక్కుంటుంది. లెక్కలు రాసేవాళ్లకు మొదటిది, గ్రాఫులు గీసేవాళ్లకు రెండోది నచ్చాయి. రెండు పనులూ ఉన్నవాళ్లు రెండు కార్డులూ, రెండు మానిటర్లూ కొన్నారు.

రెండూ ఒకే పెట్టెలో ఇమడటానికి కారణం వాటి చిరునామాలు వేరు కావడం. ఎండీఏకున్న 4 కిలోబైట్ల మెమరీ బి0000 దగ్గర మొదలవుతుంది, సీజీఏకున్న 16 కిలోబైట్లు బి8000 దగ్గర. పోర్టులు కూడా వేరే: ఒకదానికి 3బి వరుస, ఇంకోదానికి 3డి వరుస. ప్రాసెసర్ ఏ చిరునామాలో రాస్తే ఆ తెర మీద కనిపిస్తుంది. అందుకే ఈ యంత్రాల్లో వచ్చే తంటాలు చాలావరకు పొలం గట్టు తగాదాల్లాంటివి. ఒక కార్డు గట్టు దాటి పక్కదాని జాగాలోకి వస్తుంది, లేదా ఇంకెవరో ఆ జాగా బీడుగా ఉందనుకుని దున్నేసుకుంటారు.

1983లో వచ్చిన లోటస్ 1-2-3 పట్టికను ఎండీఏ నలుపు తెర మీద ఉంచి, దాని గ్రాఫును రంగుల తెర మీద చూపించేది. ఆటోక్యాడ్‌లో గీత ఒకవైపు, ఆదేశాలు ఒకవైపు ఉండేవి. అన్నిటికన్నా ఎక్కువ కాలం ఈ ఏర్పాటును వదలనిది మాత్రం ప్రోగ్రామర్లే. పరీక్షిస్తున్న ప్రోగ్రాం రంగుల తెరను పూర్తిగా ఆక్రమించుకున్నా, టర్బో డీబగ్గర్, కోడ్‌వ్యూ వంటి తప్పులు వెతికే ప్రోగ్రాములు తమ వివరాలను పక్క తెర మీద చూపిస్తూ ఉండేవి.

1982లో హెర్క్యులస్ కార్డు రావడంతో ఈ కథ మన లిపుల దగ్గరికి వచ్చింది. దాన్ని రూపొందించిన వాన్ సువన్నుకుల్ థాయ్‌లాండ్ వాడు. తన సిద్ధాంత వ్యాసాన్ని థాయ్ లిపిలో రాసుకోవడానికి ఎండీఏ అక్షరాల పట్టిక పనికిరాలేదు, సీజీఏ చుక్కలు చాలలేదు. తెలుగుదీ అదే ఇబ్బంది: పైన గుణింతం, కింద వత్తు పెట్టాల్సిన అక్షరం, చిప్‌లో ముందే అచ్చయి ఉన్న 256 బొమ్మల్లోంచి రాదు. ఎండీఏ మానిటర్ మీదే 720 × 348 చుక్కలను ఒక్కొక్కటిగా వెలిగించే వీలును హెర్క్యులస్ ఇచ్చింది. మన దేశంలో ఈ ముడిని సీడాక్ జిస్ట్ కార్డు మరో దారిలో విప్పింది. ఆ కార్డును పీసీ స్లాట్‌లో బిగిస్తే మామూలు అక్షరాల ప్రోగ్రాముల్లోనే తెలుగు కనిపించేది. 1980ల చివర ఇక్కడ అమ్ముడైన పీసీల్లో చాలావాటిలో హెర్క్యులస్ తరహా కార్డే ఉండేది కాబట్టి, పాత సామాను మధ్య ఇప్పుడు దొరికేదీ ఎక్కువగా అదే.

అలాంటి యంత్రాన్ని మళ్లీ రెండు తెరలతో లేపాలంటే మొదట చూడాల్సింది కరెంటు. అమెరికాలో అమ్మిన 5150 పవర్ సప్లై 120 వోల్టులకు చేసింది. అక్కడున్న బంధువుల ద్వారా వచ్చిన యంత్రాన్ని నేరుగా మన 230 వోల్టుల ప్లగ్గులో పెడితే అది అక్కడితో సరి. నడుమ స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ ఉండాలి. ఎండలు 40 డిగ్రీలు దాటే ప్రొద్దుటూరు, జమ్మలమడుగు వంటి ఊళ్లలో ఏళ్ల తరబడి అటక మీద పడి ఉన్న మానిటర్‌లో కెపాసిటర్లు ఎండిపోయి ఉండొచ్చు. అయితే ప్లగ్గు తీసేశాక కూడా పిక్చర్ ట్యూబ్‌లో వేల వోల్టులు నిలిచి ఉంటాయి. టీవీ రిపేరు తెలిసినవాళ్లే దాని మూత విప్పాలి.

తర్వాత కేబుల్. ఎండీఏకీ సీజీఏకీ ఉన్నది ఒకే ఆకారపు 9 పిన్నుల సాకెట్. ఐబీఎం చేసిన పెద్ద పొరపాటు ఇదే అనాలి. ఎండీఏ సెకనుకు 18,432 అడ్డగీతలు గీయమంటుంది, సీజీఏ సుమారు 15,700. 5151 నలుపు మానిటర్ కార్డు చెప్పినట్టే నడుస్తుంది, తనను తాను కాపాడుకోలేదు. దాన్ని సీజీఏకు తగిలిస్తే లోపలి అడ్డగీతల సర్క్యూట్ కాలిపోవచ్చు. సాకెట్ల మీద రంగు టేపు అంటించుకోవడం చవకైన బీమా.

మదర్‌బోర్డు మీది మొదటి స్విచ్చుల వరుసలో 5, 6 నంబర్లవి తెర సంగతి చెబుతాయి. రెండు కార్డులున్నప్పుడు రెండూ ఆఫ్‌లో ఉండాలి. అప్పుడు యంత్రం నలుపు తెరతో మొదలవుతుంది. రెండో తెర ఖాళీగా ఉంటే కంగారు పడనక్కర్లేదు. డాస్ ఒకేసారి ఒక్క తెర మీదే రాస్తుంది. ‘మోడ్ సీఓ80’ అని కొడితే రంగుల తెరకు, ‘మోడ్ మోనో’ అంటే నలుపు తెరకు మారుతుంది. అయినా నమ్మకం కుదరకపోతే డీబగ్ ప్రోగ్రాం తెరిచి ‘ఎఫ్ బి000:0 ఎల్ ఎఫ్ఏ0 41 07’ అని కొట్టాలి. నలుపు తెర నిండా ఇంగ్లిష్ ‘ఎ’లు పరుచుకుంటే కార్డు, కేబుల్, మానిటర్ మూడూ బాగున్నట్టే. బి000 బదులు బి800 పెడితే రంగుల తెరకూ ఇదే పరీక్ష.

అసలు గట్టు తగాదాలు ఇక్కడి నుంచి. హెర్క్యులస్ కార్డులో బొమ్మలకు రెండు పేజీలుంటాయి. రెండో పేజీ ఉండేది బి8000 దగ్గర, అంటే సీజీఏ జాగాలో. రెండు పేజీలూ తెరిస్తే హెర్క్యులస్, సీజీఏ ఇద్దరూ ఒకే చిరునామాకు జవాబిస్తారు, రంగుల తెర మీద చెత్త పడుతుంది. ‘హెచ్‌జీసీ హాఫ్’ అనే ఆదేశంతో రెండో పేజీ మూసేస్తే గొడవ తీరుతుంది.

1987లో వీజీఏ వచ్చాక తగాదా ఇంకొంచెం సూక్ష్మమైంది. 16 బిట్ల వీజీఏ కార్డు పక్కన 8 బిట్ల హెర్క్యులస్‌ను పెడితే, వీజీఏ తన 16 బిట్ల సైగను ఏ0000 నుంచి బిఎఫ్ఎఫ్ఎఫ్ఎఫ్ దాకా ఉన్న 128 కిలోబైట్లు మొత్తానికీ ఇస్తుంది. ఆ మేరలో ఎవరైనా 16 బిట్లు అందుకోగలరని మదర్‌బోర్డు అనుకుంటుంది. పాపం హెర్క్యులస్‌కు సగం తీగలే ఉన్నాయి, బేసి చిరునామాల బైట్లు దానికి అందవు. సరి బైట్లలో అక్షరాలు, బేసి బైట్లలో వాటి వెలుగు, అడుగుగీత ఉంటాయి కాబట్టి అక్షరం సరైన చోటే పడుతుంది, వెలుగు మాత్రం తప్పుతుంది. ఒక్కోసారి అసలు కనిపించదు. చాలామంది ఇది చూసి మంచి కార్డునే పారేశారు. జంపర్ మార్చి వీజీఏను 8 బిట్లకు దించితే చాలు.

బీడనుకుని దున్నే మూడోవాడు ఈఎంఎం386 అనే డాస్ మెమరీ మేనేజర్. రంగుల తెర ఒక్కటే ఉందనుకుని బి000–బి7ఎఫ్ఎఫ్ జాగాను కొందరు దీనికి రాసిచ్చేవారు. అలా చేసిన యంత్రంలో నలుపు తెరకు రాసిన అక్షరాలు మామూలు మెమరీలోకి పోతాయి. కాన్ఫిగ్.సిస్‌లో ఈఎంఎం386 వరుస చివర ‘ఎక్స్=బి000-బి7ఎఫ్ఎఫ్’ చేర్చి ఆ జాగా వదిలించాలి.

అన్నీ సరిగా ఉన్నా బొమ్మ అలలా ఊగుతుంటే తప్పు బయట ఉంది. నలుపు తెర సెకనుకు 50 సార్లు, రంగుల తెర 60 సార్లు బొమ్మ గీస్తాయి. పక్కపక్కనే ఆనించి పెడితే ఒకదాని కాయిల్ అయస్కాంతత్వం ఇంకోదాన్ని సెకనుకు 10 సార్ల చొప్పున ఊపుతుంది. దగ్గర్లో స్టెబిలైజర్ ఉంటే రంగుల తెరకు అదే జబ్బు. ఏది కారణమో దూరం జరిపి చూస్తే తేలిపోతుంది.

విండోస్ 98 ఏకంగా తొమ్మిది తెరల దాకా అనుమతించింది. పీసీఐ కార్డులకు చిరునామాలను బూట్ అయ్యేటప్పుడు బయోసే పంచుతుంది కాబట్టి పాత గట్టు గొడవలు లేవు. కాకపోతే వీజీఏ పాత జాగా ఒక్కటే, దాన్ని ఒక్క కార్డే ఏలుకుంటుంది. రెండోదాన్ని విండోస్ డ్రైవరే నిద్ర లేపాలి. తప్పు కార్డు పెద్దరికం తీసుకుంటే బయోస్‌లో ‘ఇనిట్ డిస్‌ప్లే ఫస్ట్’ వరుసను పీసీఐ, ఏజీపీల మధ్య మార్చాలి. ఆ వరుస లేని బోర్డుల్లో కార్డుల స్లాట్లు మార్చి చూడటమే దారి.