నేల కింద దాగిన అడవి

సహారా ఎడారికి దక్షిణాన ఉన్న సహేల్ మెట్ట ప్రాంతంలో 1970, 1980 దశకాల కరవులు పంటలనూ పశువులనూ హరించిన తరువాత, నైజర్ దేశపు మరాడి ప్రాంతంలో నేలకు ప్రాణం పోసింది కొత్తగా నాటిన మొక్కలకన్నా రైతులు కాపాడుకున్న పాత మోళ్లే. 1983 నుండి అక్కడ వ్యాపించిన ఈ పద్ధతిని ‘రైతుల చేతి సహజ పునరుజ్జీవనం’ అనవచ్చు. అంటే, నరికిన చెట్ల వేళ్లు నేలలో సజీవంగా ఉండి వేసే పిలకలలో బలమైనవాటిని ఉంచి, మిగిలినవాటిని కోసివేసి, ఉంచినవాటిని మళ్లీ చెట్లుగా ఎదగనివ్వడం. అక్కడి హౌసా జాతి రైతులు ‘గావో’ అని పిలిచే చెట్టు వానకాలంలో ఆకు రాల్చడం వల్ల పైరుకు నీడ అడ్డు కాదు సరికదా, దాని వేళ్లలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని నేలకు అందిస్తాయి.

అయితే ఈ మార్పుకు మూలం హక్కులో ఉంది. వలస పాలన నాటి చట్టాల ప్రకారం చెట్టు ప్రభుత్వ ఆస్తిగా ఉన్నంతకాలం దానిని పెంచడంలో రైతుకు లాభం కనిపించలేదు. ఆ ఆంక్షలు సడలి, కట్టెల కోతపైనా పశువుల మేతపైనా ఊళ్లే కట్టుబాట్లు చేసుకున్నాక, సుమారు 50 లక్షల హెక్టార్లు పచ్చబడినట్లు అంచనా. పొరుగున ఉన్న బుర్కినా ఫాసోలో యాకుబా సవాడోగో అనే రైతు మెరుగుపరచిన ‘జాయ్’ గుంతలు, అనగా ఎరువు వేసి వాననీటిని నిలిపే చిన్న గోతులు, గట్టిపడిన బీడులోనూ జొన్న పండించాయి. నేలపై అధికారం, దానిని కాపాడే బాధ్యత ఒకే చేతిలో ఉన్నప్పుడే కరవును తట్టుకునే శక్తి ఊరికి చేకూరుతుంది.