సంతకానికి ముందు అర్థం

కొన్నేళ్ల క్రితం ఒక సాయంత్రం అస్ర్ నమాజు ముగించి కూర్చున్నాము. మా పూర్వ విద్యార్థి ఒకడు తండ్రిని వెంటబెట్టుకొని వచ్చాడు. చేతిలో రెండు పుటల కాగితం. గల్ఫ్‌లో గిడ్డంగి పని, రెండేళ్ల ఒప్పందం. విమాన టికెట్టుకూ ఏజెంటుకూ కట్టవలసిన సొమ్ము కోసం తల్లి నగలు అప్పటికే కుదువకు వెళ్లాయి.

"హజ్రత్, భోజనం దగ్గర ఎక్స్‌క్లూజివ్ అని వ్రాశారు. అంటే మనకు ప్రత్యేకంగా పెడతారనే కదా?" అని అబ్బాయి అడిగాడు.

"మౌలానా సాహెబ్, మీరొకసారి చూసి చెబితే మాకు ధైర్యం" అన్నాడు తండ్రి.

ఆ మాటను మేమూ టీవీ తెర మూలన ఎన్నోసార్లు చూసి ఉన్నాము. అక్కడ దానికి 'ప్రత్యేకం' అనే అర్థం. అందుకే తల ఊపాము. అబ్బాయి సంతకం చేశాడు.

అక్కడికి చేరిన నెలకు ఫోను వచ్చింది. 'ఎక్స్‌క్లూజివ్ ఆఫ్ ఫుడ్' అంటే భోజనం మినహా అని అర్థమట. తిండి ఖర్చు అతడిదే. జీతంలో దాదాపు నాలుగో వంతు దానికే పోయింది. ఏడాదిలో విడిపించుకుందామనుకున్న నగలు రెండేళ్లకు గాని ఇంటికి రాలేదు.

ఆ కుటుంబం మమ్మల్ని ఒక్క మాట అనలేదు. కానీ మా అంతరాత్మ ఊరుకోలేదు. ఆ కాగితం అరబీలో ఉండి ఉంటే పదం పదం విడదీసి చెప్పేవారము. ఆంగ్లం రాకపోవడం మా దోషం కాదు. రాదని చెప్పడానికి సంకోచించడమే మా దోషం. 'తెలియదు' అనగలగడం కూడా విద్యలో భాగమేనని పిల్లలకు బోధించేది మేమే! ఖుర్ఆన్‌లోని అతి పెద్ద ఆయతు అప్పుల లావాదేవీలను వ్రాతపూర్వకంగా ఉంచుకొమ్మని చెప్పేదే. వ్రాసినదాన్ని అర్థం చేసుకోకుండా సంతకం చేస్తే ఆ వ్రాత ఎవరికి రక్షణ? నలభై దాటిన వయసులో మేము ఆంగ్ల పుస్తకం చేతబట్టడానికి కారణం ఆ సాయంత్రమే. ఆ ప్రయాణంలో మాకు పనికివచ్చిన సంగతులను మీ ముందుంచుతున్నాము.

మనకు తెలిసిన దారే

అరబీ చదివినవారికి ధాతువు కొత్తది కాదు. ఇల్మ్, ఆలిమ్, ముఅల్లిమ్, తాలీమ్, మాలూమ్ - ఇవన్నీ ఒకే తల్లి బిడ్డలు. ఆంగ్లంలోనూ లాటిన్ నుండి వచ్చిన ఇలాంటి కుటుంబాలు వందలాదిగా ఉన్నాయి. లాటిన్‌లో 'మూయుట' అనే అర్థం గల ధాతువు ఆంగ్లంలో 'క్లూడ్'గా మిగిలింది. 'ఇన్‌క్లూడ్' అంటే లోపల ఉంచి తలుపు మూయడం, అనగా కలుపుకోవడం. 'ఎక్స్‌క్లూడ్' అంటే బయట ఉంచి తలుపు మూయడం, అనగా మినహాయించడం. 'కన్‌క్లూడ్' అంటే పూర్తిగా మూసివేయడం, అనగా ముగించడం. ఇతరులెవరినీ రానివ్వకుండా ఒక్కరికే పరిమితమైనది కనుక టీవీవారి వార్త 'ఎక్స్‌క్లూజివ్' అయింది. మా విద్యార్థి విషయంలో తలుపు బయట నిలిచినది భోజనం. ఈ ఒక్క ధాతువు ఆనాడు మాకు తెలిసి ఉంటే ఎంత బాగుండేది!

అలాగే 'పోర్ట్' అంటే మోయడం. లోనికి మోసుకొచ్చేది ఇంపోర్ట్, బయటికి మోసుకెళ్లేది ఎక్స్‌పోర్ట్, ఒకచోటి నుండి మరొకచోటికి మోసేది ట్రాన్స్‌పోర్ట్. ఒక ధాతువు పట్టుబడితే పది పదాలు వెంట వస్తాయి.

అయితే ఒక హెచ్చరిక. 'ఇన్' అనే ఉపసర్గ అన్నిచోట్లా ఒకే అర్థమివ్వదు. 'ఇన్‌క్లూడ్'లో అది 'లోపల'; 'ఇన్‌కరెక్ట్'లో 'కాదు'. డబ్బా మీద 'ఇన్‌ఫ్లేమబుల్' అని చూసి మండని వస్తువేమో అనుకుంటే ప్రాణాపాయం. ఇట్టే అంటుకునేదని దాని అర్థం. 'ఫ్లేమబుల్' అన్నా అదే. కనుక ధాతువుతో ఊహించాలి, నిఘంటువుతో నిర్ధారించుకోవాలి.

ఆంగ్లం పూర్తిగా పరాయిదన్న భయమూ అక్కరలేదు. ఖుత్న్ నుండి కాటన్ వచ్చింది. సిఫ్ర్ నుండి జీరో వచ్చింది. సఫర్ అనే మాట స్వాహిలీ మీదుగా సఫారీ అయింది. గిడ్డంగులు అనే అర్థం గల మఖాజిన్ ఐరోపా భాషల గుండా సాగి మ్యాగజైన్ అయింది. మీ చేతిలోని ఈ పత్రికకు ఆంగ్లంలో ఉన్న పేరు మన అరబీ గిడ్డంగి నుండి వెళ్లినదే!

ఖల్బ్, కల్బ్

నాజిరా తరగతిలో తొలినాళ్లలోనే పిల్లలకు చెబుతాము: 'ఖల్బ్' అంటే హృదయం, 'కల్బ్' అంటే కుక్క, మొదటి అక్షరం జారితే అర్థం ఎక్కడికో పోతుందని. మఖ్రజ్ విషయంలో అంత జాగ్రత్త పడే మనం ఆంగ్లంలో మాత్రం దగ్గరి మాటలన్నిటినీ ఒకే గాటన కట్టేస్తాము. నిత్యజీవితంలో ఎదురయ్యే కొన్నింటిని చూడండి.

అప్పు కాగితంలో 'ప్రిన్సిపల్' అంటే అసలు. కళాశాల అధిపతికీ అదే మాట. చివర ఏ, ఎల్ ఉంటాయి. అదే ఉచ్చారణతో చివర ఎల్, ఈ ఉంటే నియమం, సూత్రం.

'బారో' అంటే అప్పు పుచ్చుకోవడం, 'లెండ్' అంటే అప్పు ఇవ్వడం. కాగితంలో మీరు 'బారోవర్' అయితే తీర్చవలసినవారు మీరే.

'లూస్' అంటే వదులు. ఇందులో రెండు 'ఓ'లు. 'లూజ్' అంటే పోగొట్టుకోవడం, ఒక్కటే 'ఓ'. మనవారు చొక్కా వదులుగా ఉన్నా లూజే అంటారు, అందుకే వ్రాతలోనూ తడబడతారు.

'అడ్వైస్' అంటే సలహా, సి అక్షరంతో వ్రాయాలి. 'అడ్వైజ్' అంటే సలహా ఇవ్వడం, ఎస్‌తో వ్రాయాలి. 'ఎఫెక్ట్' సాధారణంగా ప్రభావం, 'అఫెక్ట్' ప్రభావం చూపడం.

మందుచీటీలో 'ఆల్టర్నేట్ డేస్' అంటే రోజు విడిచి రోజు. 'ఆల్టర్నేటివ్' అంటే ప్రత్యామ్నాయం. మొదటిదాన్ని సరిగా గ్రహించకపోతే ఒంట్లోకి వెళ్లే మందు రెట్టింపవుతుంది.

'ఎకనామిక్' అంటే ఆర్థిక సంబంధమైనది, 'ఎకనామికల్' అంటే పొదుపైనది.

ఇక 'హార్డ్', 'హార్డ్‌లీ'. ఒక విద్యార్థికి సిఫారసు లేఖ వ్రాస్తూ, కష్టపడి పనిచేస్తాడనే ఉద్దేశంతో 'వర్క్స్ హార్డ్‌లీ' అని వ్రాయబోయాము. 'హార్డ్‌లీ' అంటే దాదాపు లేదనే అర్థం. పట్టభద్రురాలైన మా కోడలు చూసి, "మామయ్యా, ఇలా వ్రాస్తే ఆ అబ్బాయి పనే చేయడని అర్థం వస్తుంది" అని దిద్దింది. ఆ రోజు మా ఇంట్లో ఆమే ఉస్తాదు.

సబక్, సబ్‌కీ, మంజిల్

ఎన్ని పదాలు నేర్వాలి? ఒకప్పుడు ఢాకాలో ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో పనిచేసిన మైకేల్ వెస్ట్ 1953లో సుమారు 2,000 అత్యవసర పదాల జాబితాను ప్రచురించారు. అది తొలి మెట్టు. మలి మెట్టుగా 2000 సంవత్సరంలో అవెరిల్ కాక్స్‌హెడ్ చదువుల గ్రంథాల్లో తరచుగా వచ్చే 570 పద కుటుంబాలను ఏర్చి కూర్చారు. మనం తడబడే 'ప్రిన్సిపల్', 'ఎక్స్‌క్లూడ్' అందులోనివే. రోజుకు ఐదు చొప్పున నేర్చుకుంటే 570 కుటుంబాలు 114 రోజుల పని, అంటే నాలుగు నెలల లోపే.

నేర్చుకోవడం కంటే నిలుపుకోవడం కష్టం. దానికి హిఫ్జ్ తరగతిని మించిన ఆదర్శం మాకు కనబడలేదు. హాఫిజ్ కాగోరే పిల్లవాడు రోజూ కొత్త పాఠం సబక్ అప్పగిస్తాడు. ఇటీవలి పాఠాలను సబ్‌కీగా వినిపిస్తాడు. పాత భాగాన్ని మంజిల్‌గా వంతులవారీగా తిరిగి చదువుతాడు. మేము ఆంగ్లానికీ ఇదే అమలు చేశాము. ఈ రోజు ఐదు కొత్త పదాలు, గత వారం రోజుల పదాల పునశ్చరణ, శుక్రవారం నాడు పాతవాటిలో ఒక భాగం. ఒక విద్యార్థి వ్రాసుకోవడం, మరొకడు అప్పజెప్పించుకోవడం.

నోటు పుస్తకంలో పదాన్ని ఒంటరిగా వ్రాయవద్దు. దానితో ఒక వాక్యం వ్రాయండి. అది కూడా మీ ఇంటిది, మీ పనిది. 'లెండ్' పక్కన తెలుగు అర్థం వ్రాసినంత మాత్రాన అది గుర్తుండదు. 'మా అన్న నాకు వంద రూపాయలు లెండ్ చేశాడు' అనే సంగతిని ఆంగ్లంలో వ్రాస్తే ఎవరు ఇచ్చారో, ఎవరు పుచ్చుకున్నారో మరపునకు రాదు. పోలిక గల రెండు పదాలను ఒకే రోజు నేర్వకండి. ఒకటి స్థిరపడిన తరువాతే రెండవదాన్ని దాని పక్కన నిలబెట్టండి.

చివరి మాట

ఆంగ్లం నేర్చుకుంటే దీన్ పలుచబడుతుందేమోనని కొందరు పెద్దలు మాతో అంటుంటారు. మహాప్రవక్త (స) ఆదేశంపై హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి) యూదుల లిపిని కొద్దిరోజుల్లోనే నేర్చుకున్నారని హదీసు గ్రంథాలు తెలుపుతున్నాయి. వచ్చిన ఉత్తరాన్ని నమ్మకంగా చదవడానికి, ఇవ్వవలసిన జవాబును నమ్మకంగా వ్రాయడానికి. మనకున్న అవసరమూ అదే.

ఆనాటి ఆ అబ్బాయి ఇప్పుడు మళ్లీ గల్ఫ్‌లోనే ఉన్నాడు. ఈసారి ఒప్పందాన్ని తానే చదివి, భోజనం 'ఇన్‌క్లూజివ్' అని చూసుకొని సంతకం చేశాడు. తన గదిలోని వారికి ఏ కాగితం వచ్చినా ముందు అతడే చదివి చెబుతాడట. తెలియని మాట వస్తే, "హజ్రత్, దీనికి అర్థమేమిటి?" అని మాకు ఫోను చేస్తాడు. తెలిస్తే చెబుతాము. తెలియకపోతే, "ఆగు నాయనా, చూసి చెబుతాను" అంటాము.

ఈ రాత్రి ఇషా తర్వాత మీ ఇంట్లోని ఒక ఆంగ్ల కాగితం తీయండి. బీమా పత్రమో, మందుచీటీయో, అప్పు పత్రమో. పిల్లల చేత చదివించి, అర్థం కాని మాటల కింద గీత గీయించండి. మొదటి సబక్ అక్కడే ఉంది. ప్రయోజనకరమైన విద్యను అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.