తుపాను కబురులో ప్రతి మాటకీ ఓ లెక్క!

దసరా వెళ్ళి దీపావళి వస్తోందంటే చాలు, "బంగాళాఖాతంలో వాయుగుండం" అన్న వార్త వినడం మనకు అలవాటే. వినగానే డాబా మీది వడియాలు లోపలికి తెచ్చేసి, కొవ్వొత్తులు ఎక్కడున్నాయో వెతుక్కుంటాం. అయితే ఆ వార్తలోని ప్రతి మాటకీ ఓ లెక్క ఉందని మీకు తెలుసా? అది తెలిస్తే అనవసరంగా కంగారు పడక్కర్లేదు, అవసరమైనప్పుడు ఆలస్యమూ చేయం.

పేరులోనే గాలి వేగం

గాలి గంటకు 31 కిలోమీటర్లు దాటితే వాయుగుండం, 50 అయితే తీవ్ర వాయుగుండం, 62 అయితే తుపాను. 89 దాటితే తీవ్ర తుపాను, సుమారు 118 నుంచి అతి తీవ్ర తుపాను. కాబట్టి "వాయుగుండం తుపానుగా మారింది" అంటే గాలి ఒక మెట్టు ఎక్కిందన్న మాట.

ఎలా పసిగడతారు?

తుపానుకు వెచ్చటి సముద్రమే పొయ్యి కింద మంట. నీటి వేడి 26.5 డిగ్రీలు దాటితే బలం పుంజుకునే వీలుంది. పైన గాలులు వేరే దిక్కుకి జోరుగా వీస్తే చెదిరిపోతుంది. ఉపగ్రహ చిత్రాలతో ఇవన్నీ గమనిస్తారు. తీరానికి దగ్గరయ్యాక విశాఖపట్నం, మచిలీపట్నం రాడార్లు కనిపెడుతుంటాయి.

నాలుగు మెట్ల హెచ్చరిక

మొదటిది 72 గంటల ముందు, అధికారులకు. రెండోది 48 గంటల ముందు, పసుపు రంగు: వార్తలు వింటూ ఉండండి. మూడోది 24 గంటల ముందు, నారింజ రంగు: మందులు, తాగునీరు, కాగితాలు సంచిలో సర్దేయండి. నాలుగోది 12 గంటల ముందు, ఎరుపు: ఇక ఆలోచన వద్దు. తీరం దాటాక లోపలి జిల్లాల్లో ఏం జరగవచ్చో కూడా ఇందులోనే చెబుతారు.

పదో నంబరు ఎవరికి?

రేవుల్లో ఎగరేసే నంబర్లు ఓడల కోసం. మనలో చాలామంది 8 కంటే 9, 9 కంటే 10 ఎక్కువ ప్రమాదమనుకుంటాం. నిజానికి ఆ మూడూ ఒకే స్థాయి మహా ప్రమాదం! తుపాను రేవుకి ఏ పక్కనుంచి పోతుందో చెప్పేవి 8, 9. రేవు మీదుగా లేదా బాగా దగ్గరగా వస్తే 10. అందుకే "ఎనిమిదేగా" అని తేలిగ్గా తీసుకోకండి.

"మన ఊరికి కాదులే" అనుకోకండి

తీరం దాటే చోటు ముందురోజు చెప్పినా, పదుల కిలోమీటర్లు అటూ ఇటూ కావచ్చు. పైగా చెప్పేది తుపాను కేంద్రం గురించే, దాని కొంగు ఎంత దూరం పరుచుకుందో వేరే చూసుకోవాలి. మన తీరంలో తుపాను పడమరగా వస్తే కుడిపక్కన, అంటే ఉత్తరాన, గాలి, ఉప్పెన ఎక్కువ. 1977 నవంబర్ 19న కేంద్రం దివిసీమకు పడమరగా తీరం దాటింది. ఉప్పెన మాత్రం దివిసీమను ముంచింది. వేలమంది ప్రాణాలు పోయాయి. అందుకే వార్తలో "ఉప్పెన" మాట వస్తే గాలి కంటే ముందు దానికే భయపడాలి.

ఇంకోటి. హోరుగాలి ఠక్కున ఆగిపోయి, ఎండ కూడా కనిపించవచ్చు. అది తుపాను కన్ను. కాసేపటికి ఎదురు దిక్కునుంచి గాలి మళ్ళీ విరుచుకుపడుతుంది. "తగ్గిపోయింది" అని అధికారులు చెప్పేదాకా పిల్లల్ని గడప దాటనివ్వకండి.

ఇల్లు వదిలి వెళ్ళమన్నప్పుడు, సామాన్ల మీద మమకారంతో చివరిదాకా ఆగిపోయేది ఎక్కువగా మనమే. గిన్నెలూ బీరువా మళ్ళీ కొనుక్కోవచ్చు. అత్తగారి మందులు, పసిపిల్లల పాలపొడి, రేషన్ కార్డు, ఆధార్ ఒక సంచిలో పెట్టుకుని, వెలుగుండగానే బయల్దేరండి. చివరికి తుపాను పక్క ఊరికి తిరిగిపోయిందా? హెచ్చరిక తప్పయిందని విసుక్కోకండి. ఒక రాత్రి నిద్ర పోయిందంతే, ఇంటిల్లిపాదీ క్షేమం!