సంఘమునకు వీడియో తీయించుటకు ముందు

తెలుగు రైతు బ్రతుకు తెరపైఁ గనఁబడుట క్రొత్త గాదు. 1939లోనే గూడవల్లి రామబ్రహ్మముగారి దర్శకత్వమున "రైతుబిడ్డ" వెలువడెను. నేఁడు సహకార సంఘములు సైతము తమ బియ్యమును, చేపలను దూరపు వర్తకులకుఁ జూపుటకై వీడియోలు తీయింపఁ జూచుచున్నవి. ఆలోచన మంచిదే. కాని వెచ్చించు పైకము సభ్యుల వాటాధనము గనుక మేమొక మాట మనవి చేయుచున్నాము.

"మంచి వీడియోకు ఎంత యగును?" అని నలుగురిని అడిగినచో నలుగురును నాలుగు విధముల పనిని తలఁచి నాలుగు ధరలు చెప్పుదురు. రకము, తేమ, తూకము చెప్పక ధాన్యమునకు ధర యడిగినట్లే యగును. కావున ముందు పనిని కాగితముమీఁద వ్రాసి, ఆ కాగితమునే అందఱికిని పంపి ప్రతిపాదనలు కోరవలెను.

అందు వ్రాయవలసిన వివరములు ఇవి. చూచువారు తాడేపల్లిగూడెపు బియ్యపు వర్తకులా, కలకత్తా చేపల వర్తకులా? నిడివి యెంత? ఏ భాషలు? సార్వా నాట్లును కోఁతలును రెండును కావలెనన్నచో చిత్రీకరణమునకు రెండు మాఱులు రావలెను. ఆ వ్యయము ధరలోఁ జేరవలెను. ఎన్ని సవరణలు చేయుదురు? పైకము ఏ వాయిదాలలో నీయవలెను? కొల్లేరు 1999లో అభయారణ్యమైనది. అందుఁ జిత్రీకరణమునకు అటవీశాఖ అనుమతి యెవరు తేవలెను?

చిత్రము ఎవరి సొత్తు? 1957 నాఁటి కాపీరైటు చట్టము ప్రకారము, వేఱు ఒడంబడిక లేనిచో, పైకమిచ్చి తీయించినవారిదే. కావున ఒప్పందములో దానికి విరుద్ధమైన షరతు కలదేమో చదివి సంతకము చేయుఁడు. కత్తిరింపని మూల దృశ్యములును మనకీయవలెనని ముందే వ్రాయుఁడు.

వచ్చిన ప్రతిపాదనలను పాలకవర్గ సమావేశమునఁ దెఱచి, ధరలను, పూర్వము తీసిన చిత్రములను పోల్చి, నిర్ణయమును కారణములతో మినిట్సు పుస్తకమున నెక్కింపవలెను. తక్కువ ధర యొక్కటియే కొలత గారాదు.

చివరి మాట. 2006లో కొల్లేటి లోపలి అక్రమ చేపల చెఱువులను ప్రభుత్వము తెగఁగొట్టించెను. కావున మన బొచ్చె, శీలావతి చేపలు ఏ చెఱువునఁ బెరిగినవో ఆ చెఱువునే చూపవలెను. గూడబాతుల అందము చూపి, అనుమతి లేని చెఱువు సరుకును అమ్మఁ జూడరాదు. చిత్రమును నమ్మి కొనిన వర్తకుఁడు మోసపోయినచో మఱల మన గడప త్రొక్కఁడు. ఆ నష్టము సభ్యులందఱిదియు నగును.