కతానియాలో ఆగతమ్మ తీర్థం

తెల్లవారుజామున నాలుగింటికి మా అమ్మాయి నన్ను లేపింది. "ఇప్పుడు బయల్దేరకపోతే చర్చిలో అడుగు పెట్టలేమమ్మా" అంది. ఫిబ్రవరి 4, సెయింట్ ఆగతమ్మ పండగ. ఊరు కతానియా, సిసిలీ ద్వీపంలో ఎట్నా అగ్నిపర్వతం కింద ఉంది. అమ్మాయి అక్కడే చదువుకుంటోంది. పెద్ద చర్చి ముందరి చౌకుకి చేరేసరికి జనం నేల ఈనినట్టున్నారు. అందరికీ ఒకటే వేషం: పొడుగాటి తెల్ల నూలు అంగీ, నడుముకి తాడు, నెత్తిన నల్ల వెల్వెట్ టోపీ, చేతులకి తెల్ల గ్లౌజులు, ఊపడానికి తెల్ల రుమాలు. తాతలకీ అదే, నాన్న భుజమ్మీద నిద్రపోతున్న రెండేళ్ల పిల్లాడికీ అదే.

ఆ అంగీ వెనక ఒక కథ చెప్పుకుంటారు. ఆగతమ్మ అస్థికల్ని 1040లో బైజాంటైన్ సేనాని కాన్‌స్టాంటినోపుల్‌కి పట్టుకుపోయాడు. 1126లో ఇద్దరు సైనికులు వాటిని తిరిగి తెచ్చారు. రాత్రివేళ కబురు తెలిసి ఊరంతా పడుకున్న బట్టలతోనే వీధిలోకి పరిగెత్తిందట.

ఆగత ఈ ఊరి ఆడపిల్లే అంటారు. మూడో శతాబ్దంలో, క్రైస్తవుల్ని హింసించిన డేసియస్ చక్రవర్తి కాలంలో, క్వింతియానుస్ అనే రోమన్ అధికారి ఆమెను కోరాడు. ఆమె ఒప్పుకోలేదు. చెరలో పెట్టించి, రొమ్ములు కోయించాడు. ఆ రాత్రి సెయింట్ పీటర్ చెరసాలకి వచ్చి గాయాలు మాన్పాడని నమ్మకం. చివరికి 251 ఫిబ్రవరి 5న నిప్పుల మీద పడేస్తే ఒళ్లు కాలింది గాని మేలిముసుగు కాలలేదట. ఏడాది తిరక్కుండా ఎట్నా పొంగింది. జనం ఆ ముసుగు పట్టుకుని లావాకి ఎదురెళ్లారు, లావా ఆగింది. అప్పట్నించీ ఆమె ఊరికి కాపు. 1886లో కూడా ఎట్నా నికొలోసి ఊరి మీదికి వస్తుంటే దుస్మెట్ అనే ఆర్చిబిషప్ ఆ ముసుగుతో వెళ్లారు. లావా ఊరి పొలిమేరలోనే ఆగిపోయింది.

ముందురోజు ఆమె ఉన్నదని చెప్పే చెరసాల గది చూశాం. ఇప్పుడది చర్చిలో భాగం. అక్కడ ఆవిడ పాదాల గుర్తులని ఒక రాయి చూపిస్తారు. అమ్మాయి ఫోన్లో ఫొటోలు తీసుకుంటోంది. నేను ఆ చిన్న కిటికీ దగ్గర చాలాసేపు నిలబడ్డాను.

కారణం దాచను. మూడేళ్ల కిందట నాకు ఎడమ రొమ్ము తీసేశారు. పలకరించడానికి వచ్చిన వాళ్లెవరూ ఆ మాట నోటితో అనలేదు. "ఛాతీలో గడ్డట కదా" అన్నారు, "ఆపరేషనట కదా" అన్నారు. అయినవాళ్లయితే ఇంగ్లీషులో అన్నారు. నేనూ అంతే. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లు ప్రార్థించుకునే తల్లి ఈ ఆగతమ్మేనని అమ్మాయి చెప్పిన రోజునే టికెట్ కొనమన్నాను.

చర్చి లోపల ఒక ఇనుప తలుపు వెనక ఆవిడ ఉంటుంది. మూడు తాళాలు, మూడూ ముగ్గురి దగ్గర. ఆ తెల్లవారుజామున తలుపు తీసి విగ్రహాన్ని బయటికి తేగానే రుమాళ్లన్నీ ఒక్కసారి లేచాయి. "సెము తుత్తి దివొతి తుత్తి?" అని ఎవరో గొంతు చించుకున్నారు. మనమంతా భక్తులమేనా అని. "చెత్తు, చెత్తు!" అని గుడంతా బదులిచ్చింది. అవును, అవును అని. నడుము దాకా ఉండే వెండి విగ్రహం. 1376లో జొవాన్ని ది బార్తొలో అనే స్వర్ణకారుడు ఫ్రాన్సులోని అవిన్యోలో చేశాడు. లోపల ఆవిడ కపాలం ఉంది. ఒంటి నిండా భక్తులిచ్చిన నగలు. ఈ ఊళ్లోనే పుట్టిన సంగీతకారుడు బెల్లీని ఫ్రెంచి పతకం కూడా వాటిలో ఉంది. ఎనామిల్ పూసిన ముఖం పసిపిల్ల బుగ్గల్లా ఉంది. అన్ని నగల మధ్యా నాకు ఆ ముఖమే కనిపించింది.

అక్కణ్నించి ఆ రోజూ మర్నాడూ ఆవిడ వెండి తేరు మీద ఊరు తిరుగుతుంది. లాగడానికి రెండు మోకులు, ఒక్కోటి వంద మీటర్లకు పైనే. 4న కార్నేషన్ పూలతో ఊరి చుట్టూ, 5న తెల్ల పూలతో ఎత్నేయా వీధి వెంట. ఆ వీధి చివర మంచు కప్పుకున్న ఎట్నా కనిపిస్తుంది. 1693 భూకంపంలో నేలమట్టమైన ఊరిని నల్లటి లావా రాయి వాడి మళ్లీ కట్టారు. ఆ నల్ల బండల మీద భక్తుల కొవ్వొత్తుల మైనం కారి గట్టిపడుతుంది. రంపపు పొట్టు చల్లుతారు, అయినా జారుతుంది. నా చెప్పుకింద మైనం పేరుకుని మడమ ఒక వేలెత్తు పెరిగింది. పండగయ్యాక ఆ మైనం గీకడానికి మునిసిపాలిటీ వాళ్లకి రోజులు పడుతుంది.

తేరు కన్నా ముందు నడిచేవి కాందెలోరాలు. బేకరీల వాళ్లవి, చేపలమ్మేవాళ్లవి, కసాయివాళ్లవి, కూరగాయల వాళ్లవి, ఇలా వృత్తికొకటి. చెక్కతో మేడలా చెక్కి బంగారు పూత పూసిన స్తంభాలు. అన్నిట్లోకీ బరువు బేకరీల వాళ్లది, దాదాపు 900 కిలోలు. దాన్ని "అమ్మ" అంటారు. మోసేవాళ్లు మెడ కింద గోనెపట్టా పెట్టుకుని, బ్యాండు మేళానికి తగ్గట్టు ఊగుతూ నడుస్తారు. మాది కోనసీమ. కనుమ నాడు భుజాల మీద ప్రభలు కాలవ దాటడం చూసి పెరిగినదాన్ని. అలా ఊగుతున్న బరువును చూస్తుంటే నా భుజాలే బిగుసుకున్నాయి.

ఆడవాళ్లకి ఈ పండగలో ఒకప్పుడు ప్రత్యేకమైన హక్కు ఉండేది. ఒక్క కన్ను తప్ప ముఖమంతా ముసుగేసుకుని, వెంట మగతోడు లేకుండా, ఆ రోజుల్లో మాత్రం వీధుల్లో తిరగొచ్చు. వాళ్లని "న్తుప్పతెద్దె" అనేవారు. పందొమ్మిదో శతాబ్దంలో అంతరించిన ఆ ఆచారాన్ని 2013లో కొందరు ఆడవాళ్లు మళ్లీ మొదలుపెట్టారు.

5న మధ్యాహ్నం మిఠాయి దుకాణానికి వెళ్లాం. అద్దం వెనక వరసగా తెల్లటి చిన్న గుమ్మటాలు. లోపల స్పాంజి కేకు, రికోటా జున్ను, చాక్లెట్ పలుకులు. పైన చక్కెర పూత, నడినెత్తిన ఎర్ర చెర్రీ. "ఏమంటారే వీటిని?" అన్నాను. "స్వీటమ్మా" అంది. "పేరుంటుంది కదా." అది అటూ ఇటూ చూసి, "మిన్నె ది సంతాగత" అని ఆగిపోయింది. మళ్లీ అడిగాను. తల వంచుకుని, "నీకు అర్థమైందిలే, పద" అంది.

"ఆగతమ్మ రొమ్ములు" అన్నాను గట్టిగా. దుకాణం నిండా జనం. ఆ తెలుగు మాట అర్థమైంది మా అమ్మాయి ఒక్కదానికే. మూడేళ్లలో మా ఇద్దరి మధ్యా ఆ మాట రావడం అదే మొదటిసారి. అది నా చెయ్యి పట్టుకుని, డబ్బులిచ్చేటప్పుడు కూడా వదల్లేదు.

ఆ రాత్రి ఊరేగింపు తెల్లారే దాకా సాగింది. క్రొచిఫెరి వీధిలో బెనెడిక్టైన్ కన్యాస్త్రీల మఠం ముందు తేరు ఆగుతుంది. మఠం దాటి బయటికి రాని వాళ్లు, ఊచల వెనక నిలబడి ఆవిడకి పాడతారు. అంత జనంలో దగ్గు కూడా వినపడలేదు. సన్నటి గొంతులు, ఆ చలిలో. అమ్మాయి తల నా భుజం మీద, ఆపరేషనైన వైపు వాల్చింది. పాట అయ్యాక కాసేపు ఎవరూ కదల్లేదు. అప్పుడు మోకులు బిగిశాయి.