తందాన అన్నదెవరు?

మెదడు మీద ముఖచిత్ర కథనం శుక్రవారానికల్లా కావాలన్నారు ఎడిటర్‌గారు. అట్ట మీదికి బొమ్మ కూడా ముందే ఎంచిపెట్టుకున్నారు. నీలిరంగు మెదడు, దాని నిండా దీపావళి సీరియల్ బల్బుల్లా రంగు తీగలు. ఏ భాగం ఏ భాగంతో మాట్లాడుతోందో చూపే బొమ్మట! ఇలాంటి వాటి మీద నాకు మొదటినుంచీ గురి లేదు. వీటిలో నిజం తీగలెన్నో చూద్దామని కూర్చుంటే, ఉన్న నాలుగు రోజుల్లో మూడు ఒక్క పరిశోధన పత్రమే తినేసింది.

ముందు, ఇలాంటి బొమ్మలకి లెక్కలిచ్చే ఎంఈజీ (మెదడు అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే) యంత్రం సంగతి గబగబా. మెదడు కణాల్లో కరెంటు పారితే అయస్కాంత క్షేత్రం పుడుతుంది. తల బయట అది వంద ఫెమ్టోటెస్లాల దరిదాపు. భూమి క్షేత్రం దానికి పదుల కోట్ల రెట్లు. 1968లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ కోహెన్ రాగితీగ చుట్టతో దాన్ని మొదటిసారి పట్టాడు, రొదలోంచి. 1972లో ఎంఐటీలో స్క్విడ్ అనే సూపర్ కండక్టర్ సెన్సర్‌తో శుభ్రంగా పట్టాడు. ఇప్పటి ఎంఈజీ యంత్రాల్లో దాదాపు మూడొందల సెన్సర్లు, మైనస్ 269 డిగ్రీల ద్రవ హీలియం, సెకనులో వెయ్యో వంతు మార్పుని కూడా అందుకునే వేగం. చరిత్రకి ఇంతే చోటు.

చిక్కల్లా సెన్సర్లు తల బయట ఉండటంతోనే. లోపల ఒక్కచోట పుట్టిన సంకేతం చాలా సెన్సర్లలో పడుతుంది. అది పుట్టిన చోటుని లెక్క కట్టి వెతికినా, పక్క చోట్లకి కొంత కారనే కారుతుంది. బుర్రకథ తలుచుకోండి. కథకుడి ముందు ఒక మైకు, వంత ముందు ఒకటి. కథకుడి గొంతు రెండింట్లోనూ పడుతుంది. రికార్డులు మాత్రమే విన్నవాడు ‘ఆహా, ఇద్దరూ ఎంత కలిసి పాడుతున్నారో’ అనుకుంటాడు. నిజానికి వంత ఇంకా నోరే విప్పలేదు.

నా మూడు రోజులు తినేసిన పత్రం 2012లో నేచర్ న్యూరోసైన్స్ పత్రికలో వచ్చింది. అందులో యోర్గ్ హిప్, సహచరులు ఈ ముడి విప్పిన తీరు నాకు భలే నచ్చింది. కారిన సంకేతం రెండుచోట్లా ఒకే క్షణాన కనిపిస్తుంది. వంత ‘తందాన’ అనాలంటే మాత్రం రవ్వంత ఆలస్యం తప్పదు. కాబట్టి ప్రతి క్షణం రెండో సంకేతంలోంచి మొదటిదానితో అడుగు కలిపిన భాగాన్ని తీసి పారేశారు. బడిలో నేర్చుకున్న లంబకోణం లెక్కే ఇది, లంబంగా మిగిలింది మాత్రమే ఉంచుకున్నారు. ఆ మిగిలినదాని బలం మెల్లగా, పది సెకన్లకి పైబడిన అలల్లా, ఎలా పెరిగి తగ్గుతోందో పోల్చారు. దిద్దకముందు ప్రతి చోటూ తన ఇరుగుపొరుగుతోనే చుట్టరికం కలిపేది. దిద్దాక వినికిడి ప్రాంతానికి అవతలి అర్ధగోళంలోని జోడు దొరికింది. స్పర్శ ప్రాంతానికీ, చూపు ప్రాంతానికీ అంతే. ఈ సంబంధాలు ముఖ్యంగా 8 నుంచి 32 హెర్ట్జ్ లయల్లో తేలాయి.

ఈ ఫలితం ఊరికే రాలేదు. కథకుడూ వంతలూ నిజంగానే ఒక్కసారి గొంతు కలిపే ఘట్టం ఉంటుంది కదా, అదీ కత్తిరింపులో పోతుంది. దొంగ సాక్ష్యం వద్దని మంచి సాక్షినీ బయటికి పంపడమే! ఇంతా చేసి, నిజంగా మాట్లాడుకునే రెండు చోట్ల పక్కవాళ్లు కూడా మాట్లాడుకుంటున్నట్టు కనిపించే బెడద పోలేదు. ఆ లేని చుట్టరికాలని పరిశోధకులు దయ్యపు బంధాలనే అంటారు.

అట్ట మీది తీగలు తగ్గించమని అడిగాను. ఎడిటర్‌గారు రంగు తగ్గిస్తానన్నారు.

బాక్స్: టీ తాగుతూ

2018లో నాటింగ్‌హామ్, లండన్ శాస్త్రవేత్తలు హీలియం అక్కర్లేని, రుబీడియం ఆవిరితో పనిచేసే సెన్సర్లను తలకి తొడుక్కునేలా చేశారు. హీలియం యంత్రంలో తల కదిలించకూడదు. ఇందులో మనిషి టీ తాగాడు, బ్యాటు మీద బంతి ఎగరేశాడు.

బాక్స్: మన దగ్గర

బెంగళూరు నిమ్హాన్స్‌లో ఎంఈజీ ఉంది. మూర్ఛకి సర్జరీ చేసే ముందు, ఫిట్స్ మొదలయ్యే చోటు వెతకడానికి ఇది పనికొస్తుంది. గదిలోకి వెళ్లేముందు గొలుసు, గడియారం, బెల్టు తీసేయాలి. కంటి మేకప్ కూడా కడుక్కోవాలి, అందులో ఇనుప రేణువులుండొచ్చు.